శీతల ప్రదేశములలో మెక్సికో దేశపు కూరమొక్కల సాగు

మెక్సికో యనగా కేవలము ఎండలు మండు దేశమని పలువురు తలంతురు. అది సరికాదు. ఆ దేశపు రాజధాని సముద్రమట్టమునకు సుమారు 7,350 అడుగుల ఎత్తున నున్నది. నీలగిరులలోని ఉదకమండలము ఎత్తును ఇంచుమించు అంతయే. మనము నిత్యము వాడు మిరప, మొక్కజొన్న ఆ దేశమునుండి లోకమునకు వ్యాపించినవే. కావున చల్లని కొండప్రాంతములలో భూమిగల రైతులు అచ్చటి మరికొన్ని మొక్కలను పెంచవచ్చును. కాని వాని స్వభావ మెఱుగక విత్తినచో శ్రమయు, సొమ్మును వ్యర్థమగును.

మొదట తెలిసికొనవలసిన దొకటి. చలి వేఱు, నీరు గడ్డకట్టు మంచు వేఱు. ఈ క్రింది మొక్కలు చల్లదనమును ఓర్చుకొనును. గడ్డకట్టు మంచు తగిలిన ఒక్క రాత్రిలో మాడిపోవును. అట్టి మంచు పడు తావులలో ఆ భయము తీఱిన పిమ్మటనే నాటవలెను.

1. బెంగుళూరు వంకాయ. పేరు బెంగుళూరిదైనను దీని పుట్టినిల్లు మెక్సికోయే. కాయలో గింజ యొక్కటే యుండును. దానిని వేఱుచేసి యెండబెట్టి నిలువ చేయరాదు. మొలకెత్తిన ముదురు కాయనే నాటవలెను. రెండడుగుల గుంట త్రవ్వి, మాగిన పశువుల యెరువు కలిపి, మొలక వచ్చు వెడల్పు కొన క్రిందికిని, తొడిమ వైపు కొంచెము పైకిని ఉండునట్లు ఏటవాలుగా పెట్టవలెను. తీగకు గట్టి పందిరి కావలెను. నీరు నిలిచినచో దుంప కుళ్లును.

ఇది పగలు సుమారు పండ్రెండు గంటలకు తగ్గినప్పుడే బాగుగా పూచును. ఇంగ్లండు వంటి ఉత్తర దేశములలో వేసవి పగలు పదునాఱు గంటలుండుటచే తీగ ఏపుగా పెరిగియు పూయదు. పూచునప్పటికి మంచు వచ్చి చంపును. మెక్సికో నగరము 19 డిగ్రీల అక్షాంశమున, హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశమున ఉన్నవి. పగటి కొలత రెంటను ఇంచుమించు సమానమే గనుక మన కొండలలో ఈ చిక్కు లేదు.

2. టొమాటిల్లో. ఇది మన పొలముగట్ల మొలచు కుప్పంటికి చుట్టము. పచ్చని కాయ పలుచని తొడుగులో నుండును. దీనితో మెక్సికోవారు పుల్లని పచ్చడి చేయుదురు. ఒక మొక్క పుప్పొడి ఆ మొక్కకే పనికిరాదు. ఒంటి మొక్క నాటినవాడు పూవులనే చూచును, కాయలను చూడడు. కావున రెంటికి తక్కువ కాకుండ దగ్గఱగా నాటి, తేనెటీగలు తిరుగు వేళ పురుగుమందు చల్లకుండవలెను. నారును నాలుగైదు వారములు పెంచి, మూడేసి అడుగుల యెడముగా నాటవలెను. కాయ తొడుగును నిండించినప్పుడు, పసుపు రంగు రాకముందే కోయవలెను.

3. ఎపజోటే. చక్రవర్తికూర జాతికి దగ్గఱి మొక్క. ఘాటైన వాసనగల దీని ఆకును నల్లచిక్కుడు గింజలతో వండుదురు. విత్తనము మిక్కిలి సన్నము. మన్ను కప్పక పైననే చల్లి తడుపవలెను. గింజ రాలకముందే పూగుత్తులను త్రుంచనిచో మరుసటి కారున చేనంతయు కలుపై మొలచును. కూరలో రెండు మూడు ఆకులు చాలును. దీని తైలమును ఎన్నడును త్రాగరాదు. మోతాదు మించిన ప్రాణహాని కలుగును. గర్భిణులు ఈ ఆకును వాడకుండుట క్షేమము.

తుదకు మఱియొక మాట. బెంగుళూరు వంకాయకు మన అంగళ్లలో గిరాకి కలదు. తక్కిన రెంటిని కొనువారు తక్కువ. కావున వానిని మొదట ఒక సెంటు భూమిలో మాత్రము పెంచి, పట్టణపు భోజనశాలలవారిని విచారించి, కొనువారు నిశ్చయమైన పిమ్మటనే సాగు పెంచుట వివేకవంతుడైన రైతునకు తగినది.