ప్రోస్టేట్ క్యాన్సర్: ముందుగా తెలుసుకుందాం, తొందరపడకుండా నిర్ణయించుకుందాం

మా పాఠశాలలో పనిచేసి పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరు నడుము నొప్పికి ఆరు నెలలు మందులు వాడారు. తీరా చూస్తే అది ప్రోస్టేట్‌లో పుట్టి ఎముకలకు పాకిన క్యాన్సర్. మూత్రం సరిగా రావడం లేదని ఆయనకు అంతకు ముందే తెలుసు. సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పలేదు. ఇలాంటి సిగ్గు ఇంకెవరికీ చేటు చేయకూడదనే ఈ వ్యాసం.

ప్రోస్టేట్ అంటే ఏమిటి?

మగవారిలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ఇది. వయసుతోపాటు చాలామందిలో పెరుగుతుంది. పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు. అయితే ఇందులో క్యాన్సర్ వస్తే తొలి దశలో సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. అందుకే స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేనప్పుడే చేసే పరీక్ష, ముందుకు వచ్చింది.

ఒక రక్తపరీక్ష తెచ్చిన మార్పు

పూర్వం డాక్టరు వేలితో తడిమి చూడడమే ప్రధాన మార్గం. చాలామందిలో జబ్బు ముదిరాకే బయటపడేది. ఈ గ్రంథి తయారుచేసే పి.ఎస్.ఎ. అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్షకు అమెరికాలో 1986లో అనుమతి లభించింది. మొదట దాన్ని క్యాన్సర్ ఉన్నవారిని గమనించడానికే ఉద్దేశించారు. 1994లో జబ్బును కనిపెట్టడానికి కూడా అనుమతించారు. ఆ దశాబ్దంలో అక్కడ తొలి దశలోనే దొరికిన కేసులు బాగా పెరిగాయి, ముదిరిన దశలో బయటపడేవి తగ్గాయి.

శస్త్రచికిత్స కూడా మారింది. ఒకప్పుడు ఈ గ్రంథిని తొలగిస్తే రక్తస్రావం ఎక్కువగా ఉండేది. మూత్రంపై అదుపు, దాంపత్య సామర్థ్యం పోయే ప్రమాదమూ ఎక్కువే. 1982లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డాక్టర్ ప్యాట్రిక్ వాల్ష్ పక్కనున్న సన్నని నరాలను కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతిని చూపారు. క్యాన్సర్ గ్రంథి దాటకముందే దొరికితేనే ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. తర్వాత రోబో సాయంతో చేసే ఆపరేషన్ వచ్చి రక్తస్రావాన్ని తగ్గించింది. అయినా ఫలితం ఎక్కువగా సర్జన్ అనుభవం మీదే ఆధారపడుతుంది.

నాణేనికి రెండో వైపు

దొరికిన ప్రతి క్యాన్సరూ ప్రాణం తీసేది కాదు. కొన్ని ఎంత నెమ్మదిగా పెరుగుతాయంటే, మనిషి జీవితకాలమంతా వాటివల్ల హాని జరగదు. ఐరోపాలోని ఎనిమిది దేశాల్లో సుమారు 1,62,000 మందిపై 23 ఏళ్లు సాగిన అధ్యయనంలో, స్క్రీనింగ్‌కు పిలిచిన వారిలో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. మరో విధంగా చెప్పాలంటే, 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఆ ఒక్క మరణాన్ని తప్పించడానికి అదనంగా 12 మందికి క్యాన్సర్ ఉందని తేల్చాల్సి వచ్చింది.

మరి వారందరికీ ఆపరేషన్ అవసరమా? బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు ఆపరేషన్, మరొకదానికి రేడియేషన్, మూడోదానికి క్రమం తప్పని పరిశీలన. 15 ఏళ్ల తర్వాత చూస్తే మూడు జట్లలోనూ ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి సుమారు ముగ్గురే. మూత్రం లీకయ్యే బాధ మాత్రం ఆపరేషన్ జట్టులో ఎక్కువ. అందుకే నేడు ప్రమాదం తక్కువగా ఉన్న క్యాన్సర్‌కు వెంటనే కత్తి పట్టకుండా, పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండడం మంచి పద్ధతిగా గుర్తింపు పొందింది. బయాప్సీకి ముందు ఎం.ఆర్.ఐ. తీయడం వల్ల అనవసరమైన బయాప్సీలు కూడా తగ్గాయి.

మనం ఏం చేయాలి?

మన దేశంలో ప్రభుత్వం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేపట్టింది. ప్రోస్టేట్ అందులో లేదు. కాబట్టి మనమే అడగాలి.

• 55 నుంచి 69 ఏళ్ల మధ్య వారు పరీక్ష లాభనష్టాలను డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే ఇంకా ముందుగానే అడగాలి.

• పి.ఎస్.ఎ. ఎక్కువగా ఉందనగానే బెంబేలు పడవద్దు. గ్రంథి వాపు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా పెరుగుతుంది. సాధారణంగా మళ్లీ పరీక్ష చేస్తారు.

• ఫినాస్టెరైడ్ మాత్రలు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. అవి పి.ఎస్.ఎ. అంకెను సుమారు సగానికి తగ్గిస్తాయి.

• మూత్రంలో రక్తం, మూత్రం ఆగిపోవడం, తగ్గని నడుము నొప్పి ఉంటే స్క్రీనింగ్ మాట పక్కనపెట్టి వెంటనే డాక్టరును కలవాలి.

ఒక్క పరీక్షలో వచ్చిన మార్కులు చూసి పిల్లవాడి భవిష్యత్తును తేల్చేయం. అలాగని పరీక్షే పెట్టకుండానూ ఉండం. పి.ఎస్.ఎ. విషయమూ అంతే. మా మాస్టారు ఇప్పుడు చికిత్స తీసుకుంటున్నారు. ఈ వ్యాసం చదివిన కొడుకులు ఈ రోజే తమ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, మూత్రం ఇబ్బంది ఏమైనా ఉందా అని మెల్లగా అడగాలని నా మనవి.