సమకాలీన శాస్త్రీయ సంగీతం: యువ స్వరకర్తలకు గ్రాంట్లు, అర్హతలు, దరఖాస్తు పద్ధతి

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్వరకర్త తన రచనను ముందుగా కాగితంపై సంపూర్ణంగా రాసి వాద్యకారులకు అందిస్తారు. ఏ వాద్యం ఏ క్షణాన ఏ స్వరాన్ని ఎంత బలంగా పలకాలో తెలిపే ఈ లిఖిత ప్రతిని స్కోర్ అంటారు. ఆ సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని, కొత్త ధ్వనులకూ కంప్యూటర్ సాంకేతికతకూ చోటిస్తూ నేటి స్వరకర్తలు సృష్టిస్తున్న సంగీతమే సమకాలీన శాస్త్రీయ సంగీతం. సినిమా సంగీతానికి ఉన్నంత మార్కెట్ దీనికి లేనందువల్ల, టికెట్ల ఆదాయంతోనో రాయల్టీతోనో యువ స్వరకర్త జీవనం సాగడం అరుదు. గ్రాంట్లు, కమిషన్లు, ఫెలోషిప్‌లు, రెసిడెన్సీలే ఈ రంగాన్ని నిలబెడుతున్నాయి. అయితే వీటిలో దేనికి దరఖాస్తు చేయాలో నిర్ణయించుకునే విద్యార్థి కేవలం నగదు మొత్తాన్ని చూసి ఆగిపోకూడదు. ఆ సహాయం రచనను వేదికపైకి, అక్కడి నుంచి మంచి రికార్డింగ్ వరకు చేర్చగలదా అన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే వాద్యబృందం వాయించి వినిపించనంతవరకు స్కోర్ సగం పనిగానే మిగిలిపోతుంది.

సహాయం ఎన్ని రూపాల్లో లభిస్తుంది

ఒక కొత్త రచన కోసం వాద్యబృందమో సంస్థో స్వరకర్తకు ముందుగానే పారితోషికం నిర్ణయించి రాయించుకోవడాన్ని కమిషన్ అంటారు. 1813లో ఏర్పడిన లండన్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ 1822లో ఒక సింఫనీ కోసం బీథోవెన్‌కు 50 పౌండ్లు ఇవ్వడానికి అంగీకరించింది. ఆయన తొమ్మిదవ సింఫనీ వెనుక ఈ ఒప్పందం ఉంది. అమెరికాలో స్థిరపడిన వాద్యబృంద నిర్వాహకుడు సెర్గీ కూసెవిట్స్‌కీ 1942లో నెలకొల్పిన ఫౌండేషన్, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అనారోగ్యంతో, ఆర్థిక ఇబ్బందులతో ఉన్న బేలా బార్తోక్‌కు ఒక రచన అప్పగించగా, అదే నేడు ప్రపంచమంతటా వాయిస్తున్న ‘కన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా’గా రూపొందింది. ఆ రెండు సందర్భాల్లోనూ డబ్బు ఒక నిర్దిష్ట రచన కోసం, ఆ రచన ప్రదర్శన కోసం వెచ్చించారు.

ఫెలోషిప్ ఇందుకు భిన్నమైనది. అది ఒక రచనకు కాక స్వరకర్త అధ్యయన కాలానికి, జీవన వ్యయానికి తోడ్పడుతుంది. రెసిడెన్సీలో నివాసం, పని స్థలం, కొన్ని చోట్ల భత్యం ఇచ్చి, నిర్ణీత కాలం ఏకాగ్రతతో రాసుకునే అవకాశం కల్పిస్తారు. పోటీ అవార్డులో ఇప్పటికే పూర్తయిన రచనను న్యాయనిర్ణేతలు పరిశీలిస్తారు. చివరిది ప్రాజెక్ట్ గ్రాంట్. దీన్ని చాలా సంస్థలు స్వరకర్త పేరున కాక, రచనను ప్రదర్శించే బృందం పేరున, లేదా ఇద్దరి ఉమ్మడి దరఖాస్తుపై మంజూరు చేస్తాయి. కాబట్టి వాద్యకారులతో విద్యార్థి దశ నుంచే పరిచయాలు పెంచుకోవడం ఈ వృత్తిలో తప్పనిసరి.

యువ స్వరకర్తల కోసం ప్రధాన అవార్డులు

జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు పేరిట టోక్యో ఒపేరా సిటీ నిర్వహించే పోటీ జాతీయతతో నిమిత్తం లేకుండా 35 ఏళ్ల వరకు వయసున్న వారందరికీ అందుబాటులో ఉంది. ఏటా ఒకే ఒక ప్రముఖ స్వరకర్త న్యాయనిర్ణేతగా వ్యవహరించడం దీని ప్రత్యేకత; తొలి సంవత్సరాల్లో హెన్రీ డ్యూటియో, గ్యోర్గీ లిగెటి, లూచానో బెరియో ఈ బాధ్యత వహించారు. బహుమతుల మొత్తం విలువ 30 లక్షల యెన్‌లు. తుది దశకు ఎంపికైన వాద్యబృంద రచనలను పూర్తి స్థాయి ఆర్కెస్ట్రా బహిరంగ కచేరీలో వాయిస్తుంది. పెద్ద ఆర్కెస్ట్రాతో తన రచన రిహార్సల్ చేయించుకునే అవకాశం యువ స్వరకర్తకు సొంత ఖర్చుతో దాదాపు అసాధ్యం గనుక, ఇక్కడ తుది దశకు చేరడమే పెద్ద సహాయం.

నెదర్లాండ్స్‌లో 1945లో వాల్టర్ మాస్ స్థాపించిన గౌడియామస్ సంస్థ ఇచ్చే అవార్డు మొత్తం 5,000 యూరోలే అయినా, అది తర్వాతి ఉత్సవం కోసం కొత్త రచనకు కమిషన్‌గా అందుతుంది. దీనికి భిన్నంగా, ఎర్న్‌స్ట్ ఫాన్ సీమెన్స్ మ్యూజిక్ ఫౌండేషన్ యువ స్వరకర్తలకు తలా 35,000 యూరోల చొప్పున ఇచ్చే బహుమతులకు స్వయంగా దరఖాస్తు చేసుకోవడం కుదరదు. సంస్థ నియమించిన మండలి తానే ఎంపిక చేస్తుంది. అదే ఫౌండేషన్ సమకాలీన సంగీత ప్రాజెక్టులకు ఇచ్చే ఆర్థిక సహాయానికి మాత్రం దరఖాస్తులు స్వీకరిస్తుంది.

అర్హత నిబంధనలను అక్షరం అక్షరం చదవాల్సిన అవసరం అమెరికాలోని రెండు అవార్డుల ద్వారా స్పష్టమవుతుంది. ఆస్కాప్ ఫౌండేషన్ వారి మోర్టన్ గూల్డ్ యువ స్వరకర్త అవార్డులకు ముప్పై ఏళ్ల వయోపరిధిలోని అమెరికా పౌరులు, శాశ్వత నివాసులతో పాటు స్టూడెంట్ వీసాపై అక్కడ చదువుతున్న విదేశీ విద్యార్థులు కూడా అర్హులే. అమెరికా సంగీత కళాశాలల్లో చేరిన తెలుగు విద్యార్థులకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది. 1951లో మొదలైన బీఎంఐ విద్యార్థి స్వరకర్త అవార్డులు 28 ఏళ్ల లోపు వారికి ఉద్దేశించినవే అయినా, అవి పశ్చిమార్ధగోళ దేశాల పౌరులకే పరిమితం కావడం వల్ల, అదే తరగతిలో కూర్చున్న భారత పౌరులకు వర్తించవు. వయోపరిమితులు, గడువులు, మొత్తాలు సంవత్సరాన్ని బట్టి మారవచ్చు కాబట్టి ఆ ఏటి ప్రకటనే ప్రమాణం.

చదువుతో ముడిపడిన సహాయం

అన్నింటికన్నా స్థిరమైన ఆర్థిక మద్దతు సాధారణంగా విశ్వవిద్యాలయాల నుంచే లభిస్తుంది. ప్రిన్స్‌టన్, హార్వర్డ్, కొలంబియా వంటి విశ్వవిద్యాలయాల్లో స్వరరచనలో డాక్టరేట్‌కు ఎంపికైన వారికి ఫీజు మినహాయింపుతో పాటు జీవన భత్యం లభిస్తుంది. ఉన్న స్థానాలు చాలా తక్కువ గనుక పోటీ తీవ్రంగా ఉంటుంది. జర్మనీలోని ప్రభుత్వ సంగీత కళాశాలలు చాలావరకు బోధనా రుసుము వసూలు చేయవు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటుంది. పారిస్‌లోని ఇర్కామ్ కేంద్రం కంప్యూటర్ సంగీతంలో యువ స్వరకర్తలకు ప్రత్యేక శిక్షణ ఇస్తుంది. 1940 నుంచి అమెరికాలో వేసవి శిక్షణ నిర్వహిస్తున్న టాంగిల్‌వుడ్ మ్యూజిక్ సెంటర్ ఎంపికైన ఫెలోలకు బోధన, వసతి, భోజనం ఉచితంగా కల్పిస్తుంది. రాసినది వెంటనే వాద్యకారుల చేత వాయింపజేసుకునే వీలుండడం దీని అసలు ప్రయోజనం.

భారతదేశం నుంచి వెళ్లేవారికి ఇన్‌లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ ముఖ్యమైనది. 30 ఏళ్ల లోపు భారత పౌరులకు విదేశీ ఉన్నత విద్య కోసం లక్ష డాలర్ల వరకు సహాయం చేసే ఈ సంస్థ, అభ్యర్థి ముందుగానే ఆ విద్యాసంస్థలో ప్రవేశం పొంది ఉండాలని కోరుతుంది. కాబట్టి ప్రవేశ ప్రయత్నం గ్రాంట్ దరఖాస్తు కన్నా ముందు జరగాలి. బ్రిటన్‌లో కళల అధ్యయనానికి చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ తోడ్పడుతుంది. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇచ్చే స్కాలర్‌షిప్ ప్రధానంగా భారతీయ కళారూపాల్లో శిక్షణకు ఉద్దేశించినది. అయినా కర్ణాటక సంగీతాన్ని గురువు వద్ద లోతుగా అభ్యసిస్తూ, ఆ జ్ఞానాన్ని తర్వాత వాద్యబృంద రచనలోకి తీసుకెళ్లదలచిన తెలుగు విద్యార్థికి అది చక్కని పునాది కాగలదు.

ఒక సహాయం మరొకదానికి దారి చూపే తీరు

దక్షిణ కొరియాకు చెందిన స్వరకర్త ఉన్‌సుక్ చిన్ జీవితం ఈ వరుసను స్పష్టంగా చూపిస్తుంది. 1961లో సియోల్‌లో పుట్టిన ఆమె మూడు చెల్లోల కోసం రాసిన ‘స్పెక్ట్రా’కు 1985లో గౌడియామస్ బహుమతి పొందారు. జర్మన్ ప్రభుత్వ విద్యా వినిమయ సంస్థ డాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో హాంబుర్గ్ వెళ్లి లిగెటి వద్ద చదివారు, ఆ తర్వాత బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఎలక్ట్రానిక్ స్టూడియోలో పనిచేశారు. ఆమె వయొలిన్ కన్సర్టో 2004లో గ్రావెమేయర్ అవార్డు గెలుచుకోగా, 2024లో సీమెన్స్ ఫౌండేషన్ వారి 2,50,000 యూరోల ప్రధాన పురస్కారం ఆమెను వరించింది. తొలి బహుమతికీ ఈ పురస్కారానికీ మధ్య దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయన్న విషయం, తక్షణ ఫలితం ఆశించే విద్యార్థి గమనించాలి.

భారతీయ స్వరకర్తల్లో వన్‌రాజ్ భాటియా లండన్ రాయల్ అకాడమీలో చదివి, రాక్‌ఫెల్లర్ స్కాలర్‌షిప్‌తో పారిస్‌లో నాదియా బూలాంజే వద్ద శిష్యరికం చేశారు. తెలంగాణ పల్లె నేపథ్యంగా శ్యామ్ బెనెగల్ తీసిన ‘అంకుర్’ చిత్రానికి సంగీతం ఆయనదే. కచేరీ సంగీతంలో పొందిన శిక్షణ సినిమా రంగంలో కూడా ఉపాధికి పనికివస్తుందనడానికి ఇది నిదర్శనం. 1952లో ఢిల్లీలో పుట్టి, 1984లో లండన్ చేరి ఆలివర్ నసెన్ వద్ద చదివిన పరమ్ వీర్‌కు సీమెన్స్ ఫౌండేషన్ యువ స్వరకర్త బహుమతి దక్కింది.

దరఖాస్తు తయారీ

దరఖాస్తులో మొదట పరిశీలనకు వచ్చేది స్కోర్. వాద్యాల జాబితా, మొత్తం వ్యవధి, ప్రత్యేక గుర్తుల వివరణ తొలి పుటల్లోనే ఉండాలి. ఉదాహరణకు తోడి రాగంలోని గాంధార కంపితాన్ని వయోలా చేత పలికించదలిస్తే, ‘గమకంతో’ అని రాస్తే విదేశీ వాద్యకారుడికి అర్థం కాదు, కాబట్టి ఊగిసలాట ఏ స్వరస్థానాల మధ్య, ఎంత వేగంతో, విల్లు ఒకే దిశలో కదులుతుండగా జరగాలో గీతల ద్వారా చూపాలి. పేరు తెలియకుండా పరిశీలించే పోటీల్లో స్కోర్ పుటల నుంచే కాక, పీడీఎఫ్ ఫైల్ లోపలి సమాచారం నుంచి కూడా పేరు తొలగించాలి.

ధ్వని నమూనాగా కంప్యూటర్ తయారుచేసిన కృత్రిమ ధ్వని కన్నా, చిన్న బృందమైనా సజీవంగా వాయించిన రికార్డింగ్ ఎక్కువ విశ్వాసం కలిగిస్తుంది. ఒక రచనలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు వినాలో స్పష్టంగా సూచించడం మంచిది, ఎందుకంటే పరిశీలకులు పెద్ద సంఖ్యలో దరఖాస్తులు చూడాల్సి ఉండడం వల్ల ప్రతి రచనా మొదటి నుంచి చివరి వరకు వినలేరు.

ప్రాజెక్ట్ గ్రాంట్లలో తరచూ నిర్లక్ష్యానికి గురయ్యే భాగం బడ్జెట్. ఒక స్ట్రింగ్ క్వార్టెట్ రచనకు స్వరకర్త పారితోషికం, నలుగురు వాద్యకారులకు ప్రతి రిహార్సల్‌కూ ప్రదర్శనకూ విడివిడిగా చెల్లింపు, స్కోర్ నుంచి ఒక్కో వాద్యానికి విడి ప్రతులు సిద్ధం చేసే ఖర్చు, హాలు అద్దె, రికార్డింగ్ ఇంజనీర్ రుసుము, ప్రయాణం వేర్వేరు పద్దులుగా చూపాలి. తన పారితోషికాన్ని సున్నాగా చూపించడం వినయంగా తోచినా, అది స్వరకర్త శ్రమకు విలువ లేదని స్వయంగా ఒప్పుకోవడమే అవుతుంది.

ఉపాధి దృష్టితో

గ్రాంట్ నెలవారీ జీతానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ రంగంలోని వారిలో చాలామంది బోధన, వాద్యబృంద నిర్వహణ, స్కోర్ ప్రతుల తయారీ, సినిమా, రంగస్థల సంగీతం వంటి పనులతో జీవనం సాగిస్తూ, గ్రాంట్లు ఇచ్చే సమయాన్ని పెద్ద రచనలకు వినియోగిస్తారు. అందువల్ల బోధనార్హతనిచ్చే డిగ్రీ, ట్రినిటీ వంటి సంస్థల గ్రేడ్ పరీక్షలు, స్కోర్ రాసే సాఫ్ట్‌వేర్‌లో నైపుణ్యం సమకూర్చుకోవడం వివేకం.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి ఈ దారిలో అడుగుపెట్టదలచిన విద్యార్థి తొలి ఏడాదిలోనే పెద్ద బహుమతులపై గురిపెట్టడం కన్నా, అందుబాటులో ఉన్న ఇద్దరు ముగ్గురు వాద్యకారుల కోసం చిన్న రచనలు చేసి, వాటిని శ్రద్ధగా వాయింపజేసి, రికార్డు చేయించుకోవడం మేలు. ఆ రికార్డింగ్ వేసవి శిక్షణకు, ఆ శిక్షణలో కుదిరిన ప్రదర్శన విశ్వవిద్యాలయ ప్రవేశానికి, అక్కడి సహచర వాద్యకారుల పరిచయం తొలి కమిషన్‌కు మార్గమవుతాయి. స్వరరచనను వృత్తిగా ఎంచుకోవడానికి ధైర్యం కావాలి, కానీ ఆ ధైర్యానికి తోడుగా నిబంధనలు చదివే ఓపిక, గడువులు పాటించే క్రమశిక్షణ, ఒకసారి తిరస్కరణకు గురైనా మరుసటి ఏడాది మెరుగైన స్కోర్‌తో మళ్లీ దరఖాస్తు చేసే పట్టుదల ఉన్నవారికి ఈ రంగం తలుపులు నిజంగానే తెరిచి ఉన్నాయి.