తిరిగొచ్చిన చీర లెక్క చెప్పగలదా?

చెల్లాయ్, మొన్న ఆదివారం ఆంధ్రా భవన్ క్యాంటీన్ దగ్గర జనంలో నిలబడి నువ్వడిగిన మాటకు అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. "అక్కా, నా చీరల షాపుకి ఏ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటావు? మూడు చూశాను, మూడూ బాగానే ఉన్నాయి" అన్నావు. నీ ముఖంలో అలసట కనపడింది. పాపని స్కూలు బస్సెక్కించి, పార్సిళ్లు కట్టి, వంట ముగించి, రాత్రి పదకొండింటికి లెక్కలు ముందేసుకునే మనిషి అలసట అది. నేనూ పడ్డాను కాబట్టి చూడగానే తెలిసింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నీలాగే ఇంట్లోంచి అమ్ముకునే అక్కచెల్లెళ్లు నోయిడాలో, గుడ్‌గావ్‌లో, ద్వారకాలో ఇంకెంతమందో ఉన్నారు. వాళ్లకీ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ డబ్బు ఏ దారిన ఇంటికొస్తోందో ఒక కాగితం మీద రాశావా? రాయకపోతే ఇప్పుడే ఒక్క చీరతో మొదలుపెట్టు.

మంగళగిరి నూలు చీర ఒకటి. జీఎస్టీతో కలిపి 2,100 రూపాయలకు హైదరాబాదు ఆవిడెవరో ఆన్‌లైన్‌లో కొన్నారనుకో. చీర మీద జీఎస్టీ 5 శాతం కాబట్టి అసలు ధర 2,000, పన్ను 100. అమ్మిపెట్టిన ప్లాట్‌ఫారం కమీషను, కొరియరు అన్నీ కలిపి 400 తీసుకుందనుకుందాం. ఆ 400 మీద 18 శాతం జీఎస్టీ, అంటే 72. ఇవికాక టీసీఎస్ అని ఇంకో 10 రూపాయలు పట్టుకుంటుంది. 2018 అక్టోబరులో అది మొదలైనప్పుడు ఒక శాతం ఉండేది, 2024 జులై 10 నుంచి అర శాతం చేశారు. చివరికి నీ బ్యాంకులో పడేది 1,618.

అప్పుడు మనం ఏం చేస్తాం? బ్యాంకు మెసేజ్ చూసి, రిజిస్టరులో "అమ్మకం 1,618" అని రాసి పడుకుంటాం. నేను మొదటి ఏడాదంతా అలాగే రాశాను. తప్పని చెప్పేవాళ్లు లేరు, నాకూ తెలియలేదు.

కానీ అమ్మకం 2,000. ఆ సంగతి ప్లాట్‌ఫారం ప్రతి నెలా తన రిటర్న్‌లో ప్రభుత్వానికి చెప్పేస్తుంది. నీ రిటర్న్‌లో తక్కువ కనిపిస్తే తేడా ఎందుకని నోటీసొస్తుంది. అంతకంటే బాధ ఏమిటంటే, నీకు రావలసింది నువ్వే వదులుకుంటావు. ప్లాట్‌ఫారం ఫీజు మీద కట్టిన ఆ 72 నీకు క్రెడిట్‌గా వస్తుంది. టీసీఎస్ 10 కూడా నీదే. జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని అంగీకరించినట్టు ఫైల్ చేస్తే నీ క్యాష్ లెడ్జరులోకి వచ్చి పడుతుంది. 100 పన్నులో 72 పోగా 28, అందులో 10 పోగా నువ్వు చేత్తో కట్టేది 18. 1,618లోంచి ఆ 18 తీసేస్తే 1,600 మిగులుతుంది. 2,000లోంచి 400 తీసేసినా 1,600 మిగులుతుంది. రెండు వైపుల నుంచీ ఒకే అంకె వచ్చిన రోజున నాకెంత ఊరట కలిగిందో! చీర కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ ఉంటే అది వేరే క్రెడిట్, ఇక్కడ కలపలేదు. ఇన్‌కం ట్యాక్స్ వాళ్ల టీడీఎస్ కూడా ఇంకోటుంది. కానీ మన పేరు మీద, ఏడాదికి ప్లాట్‌ఫారం మీద 5 లక్షల లోపు అమ్మకాలుండి, పాన్ ఇచ్చి ఉంటే అది పట్టుకోరు.

మన తాతల నాటి కొట్లలో రోజు చిట్టా ఒకటి, పేరు పేరునా ఆవర్జా ఒకటి ఉండేవి కదా. ఆ రోజు జరిగింది చిట్టాలో, ఎవరు ఎంత బాకీ అన్నది ఆవర్జాలో. సాఫ్ట్‌వేర్ చేసే పనీ అదే, కంగారు పడకు. ప్లాట్‌ఫారాన్ని కూడా ఆవర్జాలో ఒక పేరుగా పెట్టుకో: నీ సరుకు అమ్మిపెట్టి, నీకు డబ్బు బాకీ ఉన్న మనిషి. చీర అమ్మినప్పుడు దాని పేర 2,100 రాస్తావు. కమీషను, కొరియరు, వాటి మీది జీఎస్టీ, టీసీఎస్ తగ్గిస్తావు. బ్యాంకులో డబ్బు పడ్డాక ఆ పేజీలో నిల్వ సున్నా కావాలి. కాలేదంటే ఎక్కడో ఏదో ఆగిందన్నమాట. నేను అలా చూసుకునే, పోయిన పార్సిలు తాలూకు డబ్బు అడిగి రాబట్టుకున్నాను.

ఇక మన ఢిల్లీ చుట్టుపక్కల వాళ్లకు మాత్రమే ఉన్న తలనొప్పి. నోయిడాలో కూచుని మయూర్ విహార్‌కి చీర పంపితే స్కూటీ మీద పావుగంట. చట్టం లెక్కలో మాత్రం అది ఉత్తరప్రదేశ్ నుంచి ఢిల్లీకి, రాష్ట్రం దాటిన అమ్మకం! గుంటూరు నుంచి తెనాలికి పంపేవాళ్లకు ఈ బాధ లేదు. సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని విని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ మినహాయింపు రాష్ట్రం దాటి సరుకు పంపేవాళ్లకు వర్తించదు. చేతివృత్తుల వస్తువుల్లో కొన్నింటికి వెసులుబాటు ఉంది, నీ చీరలు ఆ జాబితాలోకి వస్తాయేమో సీఏని అడుగు. అడక్కుండా నమ్ముకోకు.

నాకు తగిలిన దెబ్బ చెప్తాను. మొదట్లో ఫోన్‌లో ఒక బిల్లింగ్ యాప్ వాడాను. కస్టమరు చిరునామాలో రాష్ట్రం గడి ఖాళీగా వదిలేస్తే, అది మనూరే అనుకుని సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ సగం సగం వేసేసేది. మయూర్ విహార్, లజపత్ నగర్, సరోజినీ నగర్, అన్నీ అలాగే వెళ్లిపోయాయి. ఐజీఎస్టీ పడాల్సిన బిల్లులవి. మూడు నెలల తర్వాత సీఏ చూసి, "భాభీజీ, ఇవన్నీ మార్చాలి" అన్నాడు. బిల్లులన్నీ మంచం మీద పరిచి, పిన్‌కోడు చూసి ఒక్కొక్కటి వేరుచేసి, తర్వాతి రిటర్న్‌లలో సవరించేసరికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ కొత్త చీరల ఫొటో ఒక్కటి పెట్టలేదు. శ్రావణ మాసం ముందు! అందుకే చెప్తున్నాను. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు నోయిడా చిరునామాకో బిల్లు, ఢిల్లీ చిరునామాకో బిల్లు, గుడ్‌గావ్ చిరునామాకో బిల్లు కొట్టు. మొదటిదానికి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ రావాలి, మిగతా రెండింటికీ ఐజీఎస్టీ. రాష్ట్రం రాయకపోతే బిల్లు ముందుకు కదలనివ్వని సాఫ్ట్‌వేర్ నాకు నచ్చుతుంది. కొనేవాళ్లు షాపువాళ్లయి జీఎస్టీ నంబరిస్తే దాని మొదటి రెండంకెలు చూడు. 09 అయితే మన ఉత్తరప్రదేశ్, 07 ఢిల్లీ, 06 హర్యానా.

ఇప్పుడు అసలు పరీక్ష. సాఫ్ట్‌వేర్ అమ్మే అబ్బాయి డెమో చూపిస్తానన్నప్పుడు రంగురంగుల గ్రాఫులు వద్దను. "తిరిగొచ్చిన చీర ఒకటి నా ముందు ఎక్కించి చూపించు నాయనా" అను. మన వ్యాపారంలో ప్రాణం తీసేది అదే. దీపావళి ముందు అమ్మింది దీపావళి తర్వాత వెనక్కొస్తుంది. అమ్మకం ఒక నెలలో, వాపసు ఇంకో నెలలో. పాత బిల్లు నంబరుతో ముడిపెట్టి క్రెడిట్ నోట్ వేయాలి. కొరియరు ఖర్చు మాత్రం నీ నెత్తిన అలాగే ఉండాలి. చీర మళ్లీ స్టాకులోకి రావాలి, అంచు మీద పసుపు మరకతో వస్తే మాత్రం రాకూడదు, వేరే పద్దులోకి పోవాలి. తలుపు దగ్గరే వద్దని తిప్పి పంపిన పార్సిలు, ఆర్టీఓ అంటారే, అది ఇంకో రకం. ఇవన్నీ అడ్డదారి లేకుండా పది నిమిషాల్లో చూపించగలిగితే దాన్ని పక్కన ఉంచుకో. బిల్లు డిలీట్ చేసేస్తే సరిపోతుంది మేడమ్ అన్నాడంటే నమస్కారం పెట్టి పంపించు.

స్టాకు గురించి కూడా ఒక మాట. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు సబ్బుపెట్టెల్లాంటి సరుకును తలచుకుని చేసినవి, ఒక రకానికి వంద పెట్టెలు. మగ్గం చీర అలా కాదు, ఒక్కోటి ఒక్కో రంగు, ఒక్కో అంచు. నేనేం చేస్తానంటే, చీర మడత లోపల చిన్న అట్టముక్క పెట్టి పెన్సిల్‌తో "మం-112" అని రాస్తాను. మం అంటే మంగళగిరి, ఉ అంటే ఉప్పాడ, గ అంటే గద్వాల. ఆ నంబరే సాఫ్ట్‌వేర్‌లో వస్తువు పేరు, ఫొటో పేరూ అదే. వాపసు వచ్చిన పెట్టె విప్పగానే అట్టముక్క చూస్తాను. ఒకసారి నా గద్వాల బదులు ఎవరిదో పాత సింథటిక్ చీర వచ్చింది. అట్టముక్క లేదు, పంపేముందు తీసుకున్న ఫొటో ఉంది, అందుకే నా మాట నిలబడింది.

మరి ఏది కొనాలి అంటావు. నెలకి పాతిక లోపు ఆర్డర్లుంటే ఎక్సెల్ షీటు చాలు, నిజంగా చాలు, అప్పుడే డబ్బు పొయ్యకు. అది దాటాక నీ సీఏ ఏది వాడుతున్నాడో అడుగు. లక్ష్మీనగర్ సందుల్లో చదివి వచ్చిన పిల్లల్లో టాలీ రానివాళ్లు అరుదు. 1986లో శ్యాంసుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా కలిసి మొదలుపెట్టిన కంపెనీ అది. లెక్క గట్టిగా ఉంటుంది, కాకపోతే దానికి విండోస్ కంప్యూటరు కావాలి, కొన్నాళ్లు నేర్చుకోవాలి. బిజీ అనేది మన ఢిల్లీలోనే పుట్టింది, 2022లో నోయిడా ఇండియామార్ట్ వాళ్లు కొన్నారు, ఇక్కడి హోల్‌సేల్ బజార్లలో బాగా వాడతారు. వ్యాపార్ లాంటివి ఫోన్‌లో బిల్లు కొట్టుకోవడానికి సుళువు. చెన్నై జోహో వాళ్ల బుక్స్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, చిన్న వ్యాపారాలకు ఉచిత ప్లానూ ఉంది. నీకు నేనైతే బ్రౌజర్‌లో తెరుచుకునేదే చెప్తాను. పాప పక్కన పడుకుని కూడా ఫోన్‌లో చూసుకోవచ్చు, సీఏకి ఇంకో లాగిన్ ఇవ్వొచ్చు. నీ పరీక్షలో అది నెగ్గితేనే సుమా.

ఒకటి మాత్రం గట్టిగా పట్టుకో. డేటా మొత్తం ఎక్సెల్‌గా బయటికి తీయనివ్వని దానిలో కాలు పెట్టకు. క్విక్‌బుక్స్ ఎంత పెద్ద పేరు! 2022లో ఇండియా నుంచి వెళ్లిపోతున్నామని ప్రకటించి, 2023లో మూసేశారు. జీఎస్టీ చట్టమేమో లెక్కలు, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచమంటుంది. కంపెనీ ఉన్నా లేకపోయినా కాగితాలు చూపించాల్సింది నువ్వే. నేను ప్రతి నెలా మొదటి ఆదివారం బిల్లులు, క్రెడిట్ నోట్లు, లెడ్జర్లు అన్నీ దించి పెన్‌డ్రైవ్‌లో వేసి, బీరువాలో పట్టుచీరల కింద పెడతాను.

ఇంకో మాట, అక్కగా చెప్తున్నాను, ఏమీ అనుకోకు. జీఎస్టీ పోర్టల్‌లో నీ రిజిస్ట్రేషన్‌కి ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారు? అకౌంటెంటుదా? మీ ఆయనదా? మార్చేసుకో. ఓటీపీ నీ ఫోన్‌కి రావాలి. షాపు నీ పేరున ఉంది, సంతకం నీది, రేపు ఎవరైనా అడిగినా నిన్నే అడుగుతారు. నాకు తెలిసిన ఒకావిడ అకౌంటెంటు ఊరెళ్లాడని రిటర్న్ ఆగిపోయి, లేట్ ఫీజు కట్టుకుంది. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకుంటే మనకి జీఎస్టీఆర్-3బీ రిటర్న్ గడువు 24వ తేదీ. ఆంధ్రాలో, తెలంగాణలో ఉన్న మన వాళ్లకు 22. వాళ్లని చూసి కంగారు పడకు, వాళ్లని అడిగి ఆలస్యమూ చేయకు.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా. ఇందిరాపురం నుంచి ఎంతసేపు! ల్యాప్‌టాప్, పోయిన నెల పేమెంట్ రిపోర్టు, నువ్వు చూసిన ఆ మూడు సాఫ్ట్‌వేర్ల ట్రయల్ లాగిన్‌లు తెచ్చుకో. పసుపు మరకతో వెనక్కొచ్చిందన్నావే, ఆ ఆకుపచ్చ చీర, దాని బిల్లు కూడా మర్చిపోకు. పప్పుచారు, గోంగూర పచ్చడి నేను చేసి ఉంచుతాను. తినేసి ఆ చీరతోనే మొదలుపెడదాం.