మధ్య బెంచీ కొయ్యకు

చిన్నా,

రంగు సంగతి తర్వాత చూద్దాం. నువ్వు పంపిన మూడు ఫొటోల్లో రెండు రంగు డబ్బాలవే. మూడోదాంట్లో పడవ పక్కన నేలమీద రంపం కనబడింది. దాని గురించి ఒక్క ముక్క అడగలేదేంట్రా? మధ్య బెంచీ కోసేసి, ముందు కొస నుంచి వెనకదాకా ఒకే ఎత్తున చెక్క బల్ల పరిచేద్దామని కదా నీ ప్లాను? రంపం లోపల పెట్టెయ్. ముందు ఈ ఉత్తరం చదువు.

ఆ బెంచీ ఉన్నది కూర్చోడానికే అనుకుంటున్నావు. రెండు పక్కల రేకులూ విచ్చుకుపోకుండా, లోపలికి వంగకుండా పట్టి ఉంచేది కూడా అదే. హాలు విశాలంగా ఉంటుందని మీ నాన్న ఇంట్లో దూలం తీసేస్తానంటే ఊరుకుంటావా? పైగా దాని పొట్టలో నురుగు దిమ్మె ఉంటుంది. పడవ నిండా నీళ్లొచ్చినా అడుక్కి పోకుండా తేల్చి ఉంచేది ఆ దిమ్మే. పాత పడవ కదా, అది నీళ్లు పీల్చి బరువెక్కి ఉండొచ్చు. అలా ఉంటే తీసి, నీళ్లు పీల్చని రకం నురుగు అంతకు అంతా పెట్టు. తీసేసి ఖాళీగా మాత్రం వదలకు.

ఇక లెక్క. నీ ఫొటోని పెద్దది చేసి వెనక పలక మీద ఉన్న కెపాసిటీ ప్లేటు చదివాను. ముగ్గురు మనుషులు, మనుషులూ ఇంజనూ సామానూ కలిపి 620 పౌండ్లు, ఇంజను 15 హార్స్‌పవర్‌కి మించకూడదు. నువ్వూ నీ స్నేహితుడూ చలిబట్టలూ, నీళ్లలో దిగడానికి తొడుక్కునే వేడర్లూ వేసుకుంటే తలకి 200 చొప్పున 400. కుక్క 70. ఇంజను 110 దాకా. అప్పటికే 580 అయిపోయింది! మిగిలిన 40లో పెట్రోలు, బ్యాటరీ, తుపాకులు, తూటాలు, బాతుల్ని రప్పించే రెండు డజన్ల డెకాయ్ బొమ్మలు, మీ ఆవిడ కట్టిచ్చే పులిహోర. ముప్పావంగుళం ప్లైవుడ్ పలక ఒక్కటే 60, 70 పౌండ్లు తూగుతుంది. నువ్వు గీసి పంపిన బొమ్మలో అలాంటివి రెండున్నాయి. మీ వాళ్లెవరో 25 హార్స్‌పవర్ ఇంజను చవగ్గా ఇస్తానన్నారని రాశావు. చవగ్గా వచ్చినా వద్దు. ఆ వెనక పలక దానికోసం కట్టింది కాదు.

"చిన్న పడవే కదా మామయ్యా, మోకాలి లోతు నీళ్లే కదా" అన్నావు చూడు, ఆ మాటకే రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే 1989లో నేనూ అచ్చం అదే మాట అన్నాను.

నేను అర్కాన్సాస్ వచ్చి అప్పటికి అయిదేళ్లు. స్టట్‌గార్ట్ చుట్టుపక్కల ఎటు చూసినా వరి చేలే. కోతలయ్యాక వాటిల్లో నీళ్లు నిలిపితే రాలుగింజల కోసం పచ్చతల బాతులు మబ్బు కమ్మినట్టు దిగేవి. కొల్లేటి పక్క కైకలూరు వాడికి ఇంతకన్నా ఏం కావాలి? మా పక్క పొలం రైతు నాకు వేట నేర్పాడు. పడవ కట్టడం మాత్రం నాకే తెలుసనుకున్నాను. 14 అడుగుల జాన్ బోటు, అదే చదును అడుగు పడవ, కొని, పచ్చరంగు మందు పట్టించిన కలపతో లోపల చట్రం కట్టి, పక్కల అంచులకి సమానంగా వచ్చేట్టు బల్ల పరిచాను. అంచు దాటి కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు, నించోవచ్చు, కుక్క పరుగెత్తొచ్చు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మా రైతు మాత్రం ఒకసారి ఎక్కి, పక్కకి ఊగి, ఏమీ అనకుండా దిగిపోయాడు. ఏంటని అడగాల్సింది. అడగలేదు.

డిసెంబరులో బయూ మెటో అడవిలో, నీళ్లు నిలిచిన చెట్ల మధ్య, తెల్లారగట్ల. ఒక బాతు కుడివైపు పడింది. నేనూ మా రైతూ ఇద్దరం కుడివైపే చూశాం, అంటే కుడివైపే ఒరిగాం. మా నల్లోడు, అప్పటి కుక్కలే, అటే దూకాడు. పడవ గిన్నె బోర్లించినట్టు తిరగబడింది. అంత ఎత్తు మీద ముగ్గురం ఒకే పక్కకి వెళ్తే దానికి వేరే దారేది? నీళ్లు ఛాతీ దాకానే ఉన్నాయి. మునగలేదు. కానీ ఆ చలికి మొదట ఊపిరే అందలేదు. అందాక, కాసేపటికి వేళ్లు వంగడం మానేశాయి. లైఫ్ జాకెట్ ఎక్కడుందంటావా? బల్ల కింద, పొడిగా ఉండాలని సంచిలో పెట్టి జిప్పు వేశాను.

ఇక్కడ పడవ పాఠాలు చెప్పేవాళ్లు 1-10-1 అంటారు. చన్నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు చెప్పినమాట వినేది 10 నిమిషాలు, స్పృహ ఉండేది 1 గంట. నేను ఆ 10 నిమిషాల్లో ఎనిమిది తుపాకీ వెతకడానికి ఖర్చు పెట్టాను. తుపాకీ దొరకలేదు. మా రైతు నన్ను కాలరు పట్టుకుని చెట్టు దగ్గరికి ఈడ్చాడు కాబట్టి ఇవాళ నీకు ఉత్తరం రాస్తున్నాను. వేడర్లలో నీళ్లు నిండితే అడుక్కి లాగేస్తాయని భయపెడతారు గానీ, నీళ్లలో నీళ్లకి బరువుండదు. పైకి ఎక్కబోయినప్పుడు తెలుస్తుంది ఆ బరువు. అందుకే నడుముకి బెల్టు బిగించు, నీళ్లు తక్కువ దిగుతాయి.

ఇంటికొచ్చి దుప్పట్లో వణుకుతుంటే గుర్తొచ్చాడు మా తాత. కొల్లేట్లో తాటిదోనె మీద పరజ బాతుల కోసం పోయేవాడు. తాటిమాను తొలిచిన దోనె అది, నీ పడవలో సగం వెడల్పు ఉండదు. ఏనాడూ బోర్లా పడలేదు. నన్ను మొదటిసారి ఎక్కించుకున్నప్పుడు నించోబోతే నెత్తిమీద మొట్టికాయ వేసి, "దోనెలో తలెత్తినోడు నీళ్లు తాగుతాడు" అన్నాడు. అడుగునే కూర్చోబెట్టాడు. ఎనిమిదేళ్లప్పుడు తెలిసిన సంగతి, ఇంజనీరింగ్ చదివాక మర్చిపోయాను!

కాబట్టి నీ బల్ల బెంచీల ఎత్తుకి ఒక్క అంగుళం కూడా పైకి రాకూడదు. అసలు నేలే చాలు. బెంచీల మధ్య ఖాళీలో సన్న అల్యూమినియం రేకు, కింద కోణం కడ్డీలు. అంగుళంలో పదహారో వంతు మందం రేకైతే పెద్ద పలక 28 పౌండ్లే. దాని మీద రబ్బరు చాప పరిస్తే అడుగుల చప్పుడు వినపడదు. కార్పెట్ వద్దు, తడిసి గడ్డకడితే జారుడుబండే. బ్యాటరీ ముందు కొసకి తోసెయ్. నువ్వూ ఇంజనూ పెట్రోలూ అందరూ వెనకే చేరితే ముక్కు ఆకాశం చూస్తుంది, వెనక పలక మీంచి అల లోపలికొస్తుంది. ఇంజను ఆపే తాడు మణికట్టుకి తగిలించుకోవడం మర్చిపోకు, 2021 ఏప్రిల్ నుంచి అది చట్టం కూడా.

ఆ మందు పట్టించిన కలప సంగతి సగంలో వదిలేశాను. తిరగబడ్డ పడవని తెచ్చి బల్ల విప్పితే, కలప తగిలిన చోటల్లా రేకు మీద తెల్ల పొడి, గోటితో గీకితే గుంటలు. పురుగు పట్టకుండా ఆ కలపలోకి ఎక్కించే మందులో రాగి ఉంటుంది. రాగీ అల్యూమినియమూ తడిలో పక్కపక్కనుంటే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. జేబులోంచి జారిన పెన్నీ నాణెం అడుగున మురికినీళ్లలో పడి ఉన్నా అంతే. చెక్క పెట్టక తప్పకపోతే మామూలు ప్లైవుడ్‌కి అన్ని వైపులా, అంచులతో సహా, ఎపాక్సీ పట్టించు. మర మేకులు స్టెయిన్‌లెస్‌వే, కింద నైలాన్ వాషరు. అడుగు భాగానికి రాగి కలిపిన పడవ రంగు ఎవరైనా అంటగట్టబోతే దండం పెట్టి వచ్చెయ్.

రివెట్లు కారుతున్నాయేమో చూడాలంటే నీళ్లలోకి దించనక్కర్లేదు. ట్రైలరు మీదే ఉంచి లోపల మూడు నాలుగు అంగుళాలు నీళ్లు పొయ్యి, కింద పడుకుని చూడు. చుక్క కారిన చోట మార్కరుతో సున్నా చుట్టు. అంతకన్నా పోశావంటే ట్రైలరు మూలుగుతుంది.

సరే, ఇక పడవ మీద దాక్కోడానికి కట్టే మాటు సంగతి. గడ్డి చాపలు కట్టిన చట్రం ఒంటిచేత్తో పడుకోబెట్టేట్టు ఉండాలి. ఇంజను నడిచేటప్పుడు దాన్ని ఎత్తి ఉంచకు, గాలికి తెరచాపైపోతుంది. చుట్టూ మూసేసి లోపల గ్యాసు హీటరు వెలిగించకు. నిజానికి నువ్వు వెళ్లేది ఎక్కువగా చెట్లలోకే కాబట్టి ఆ మాటు నీకు అంతగా అక్కరకే రాదు. పడవ తీసుకెళ్లి దాచెయ్, దిగి చెట్టుకి ఆనుకుని నించో, కాలితో నీళ్లు కదుపు. ఆ అలలు చూసి, బాతులు ఈదుతున్నాయనుకుని పైనవి దిగుతాయి. డెకాయ్‌లకన్నా నాకు దానిమీదే నమ్మకం. డెకాయ్‌లని మా తాత దీమాలనేవాడు, ఆ మాట ఇప్పుడెవరికీ తెలీదనుకుంటా. పడవలోంచే కాల్చాల్సొస్తే ఇంజను ఆపడమే కాదు, పడవ కదలడం కూడా పూర్తిగా ఆగాకే. ఇదీ చట్టమే.

రంగుకొచ్చాను చూశావా. నీ డబ్బాల మీద ఆకుపచ్చ అని ఉంది. జనవరిలో అర్కాన్సాస్‌లో ఆకుపచ్చ ఎక్కడ చూశావురా? ఎండుగడ్డి రంగు, బురద రంగు, మెరుపు లేనివి. రేకుని గరుకు చేసి, అల్యూమినియానికి పట్టే ప్రైమరు ముందు. పక్కలున్న రిజిస్ట్రేషను నంబరు మీద మాత్రం రంగు కొట్టేయకు. అది 3 అంగుళాల ఎత్తున, దూరానికి కనపడే రంగులో ఉండాల్సిందే. మన బాతులకి కనపడకూడదు గానీ వేట చట్టాలు చూసే వార్డెనుకి కనపడాలి మరి.

మీ అమ్మ నిన్న కైకలూరు నుంచి ఫోను చేసింది. "అక్కడ కూడా పిట్టలేనా అన్నయ్యా, పాపం కాదూ" అంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, అక్కడ పిట్ట మీద చెయ్యి వెయ్యకూడదు, వెయ్యక్కర్లేదు కూడా. ఇక్కడ బాతుల వేటకెళ్లే పెద్దవాళ్లందరూ ఏటా బాతు స్టాంపు కొనాలని చెప్పాను. 1934లో మొదలైనప్పుడు 1 డాలరు, ఇప్పుడు 25. అందులో డాలరుకి 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడడానికీ పోతాయి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికి ఈత వచ్చా?" అంది. వచ్చనే చెప్పాను. నిజమేనా?

ఆగస్టు రెండో శనివారం మెంఫిస్ వస్తున్నాను. బల్లా గిల్లా ఏదీ బిగించకుండా ఉంచు. మీ ఇంటిదగ్గర చెరువులో దించి, సోనామసూరి బస్తాలు ఎక్కించి, అన్నీ ఒకే పక్కకి జరిపి చూద్దాం. బాత్రూములో తూకం మెషీను గ్యారేజీలోకి తెచ్చి పెట్టు. వేడర్లు తొడుక్కుని మొదట నువ్వే ఎక్కాలి. 200 అని నేను మర్యాదకి రాశాను.

మీ మామయ్య