పొడి అక్షరాల పరమార్థం

ఉద్దేశం

ప్రజారోగ్య బీమాలో తరచుగా వినవచ్చే సంక్షిప్త నామాలను విప్పి చదవడం, వాటిలో ఇమిడి ఉన్న హక్కులను, షరతులను గుర్తించడం విద్యార్థులకు నేర్పడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మాటను కుదించి చెప్పడం మనకు కొత్త కాదు. బడిలో అడుగుపెట్టగానే నేర్చుకొన్న ‘అచ్చులు’, ‘హల్లులు’ అనే పేర్లే సంక్షిప్త నామాలు. పాణినీయంలో ‘అ’కారం మొదలుకొని ‘చ్’ అనే గుర్తు వరకు గల వర్ణాలను కలిపి ‘అచ్’ అన్నారు. ‘హ’కారం మొదలుకొని ‘ల్’ అనే గుర్తు వరకు గలవాటిని ‘హల్’ అన్నారు. వీటిని ప్రత్యాహారాలు అంటారు. ఛందస్సులోనూ ఇంతే. భ, ర, న, భ, భ, ర, వ అని ఏడు గణాల పేర్లు చెప్పి ఉత్పలమాల పాదంలోని ఇరవై అక్షరాల స్వరూపాన్ని నిర్దేశిస్తాం. కాని ‘భ’గణమంటే ఒక గురువు, రెండు లఘువులు అని తెలియనివారికి ఆ అక్షరాలు ఏమీ చెప్పవు. సంక్షేపం తెలిసినవారికి సౌకర్యం, తెలియనివారికి అడ్డుగోడ.

ఈ అడ్డుగోడ నేడు ఎక్కువగా ఎదురయ్యే చోటు ఆసుపత్రి. రోగి మంచం మీద ఉంటాడు. వెంట వచ్చిన కుమారుడో, కుమార్తెయో కార్డులు చేతబట్టుకొని కౌంటరు ముందు నిలబడతారు. అక్కడ వినిపించే నాలుగైదు పొడి అక్షరాలు అర్థం కాకపోతే దక్కవలసిన వైద్యం ఆలస్యం కావచ్చు, లేదా చేతి సొమ్ము వదలవచ్చు.

గోదావరిఖని వాసులకు పొడి అక్షరాలు నిత్యవ్యవహారమే. ‘ఆర్.జి. వన్’ అంటే రామగుండం ఒకటవ ఏరియా. ‘జి.డి.కె.’ అంటే గోదావరిఖని. ‘ఓ.సి.పి.’ అంటే ఉపరితల గని. ఇవి స్థలాలను సూచించే పేర్లు కనుక విప్పి చదవకపోయినా నష్టం లేదు. ఆరోగ్య బీమాలోని అక్షరాలు అటువంటివి కావు. అవి నియమాలను సూచిస్తాయి. వాటిని తప్పక విప్పి చదవాలి.

గని కార్మికుని కార్డు

సింగరేణి కార్మికుడు ఉద్యోగంలో ఉన్నంతకాలం అతనికి, అతనిపై ఆధారపడిన కుటుంబానికి సంస్థ ఆసుపత్రులు వైద్యం అందిస్తాయి. పదవీ విరమణ తరువాత ‘సి.పి.ఆర్.ఎం.ఎస్. - ఎన్.ఇ.’ అనే మాట వినిపిస్తుంది. దీని పూర్తి రూపం ‘కాంట్రిబ్యూటరీ పోస్ట్ రిటైర్మెంట్ మెడికేర్ స్కీం - నాన్ ఎగ్జిక్యూటివ్స్’. పదవిభాగం చేస్తే పథకమంతా బోధపడుతుంది. ‘కాంట్రిబ్యూటరీ’ అంటే ఉద్యోగి తన వంతు సొమ్ము చెల్లించాలి. ఇది ఉచితం కాదు, తనంతట తానుగా వచ్చేదీ కాదు. ‘పోస్ట్ రిటైర్మెంట్’ అంటే విరమణ అనంతరం. ‘నాన్ ఎగ్జిక్యూటివ్స్’ అంటే అధికారులు కానివారు, అనగా కార్మికులు. ఎవరికి, ఎప్పుడు, ఏ షరతు మీద అనే మూడు ప్రశ్నలకు ఆ పేరే సమాధానం చెబుతున్నది.

దీనితో పాటే వినిపించే మరొక మాట ‘సి.ఎం.పి.ఎఫ్.’. ఇది కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్. 1948 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన బొగ్గుగని కార్మికుల భవిష్యనిధి. 1998 నుండి పింఛను పథకం కూడా దీని పరిధిలో ఉంది. రెండు పేర్లూ ‘సి’తోనే మొదలవుతాయి, రెండూ విరమణ నాడే చర్చకు వస్తాయి. అయినా ఒకటి వైద్యానికి, మరొకటి పొదుపుకు, పింఛనుకు సంబంధించినవి. ఆసుపత్రి బిల్లును భవిష్యనిధి కార్యాలయానికి తీసుకుపోతే ప్రయోజనం లేదు.

‘డిపెండెంట్’ అనే మాటను కూడా జాగ్రత్తగా గ్రహించాలి. బొగ్గు గనుల ప్రాంతంలో ఈ మాట వినగానే తండ్రి స్థానంలో కుమారునికి వచ్చే ఉద్యోగం స్ఫురిస్తుంది. వైద్య పుస్తకంలో మాత్రం ఆధారపడిన కుటుంబ సభ్యుడని దీని అర్థం. ఆ పుస్తకంలో పేరు నమోదైందో లేదో ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే చూసుకోవాలి.

ఇ.ఎస్.ఐ.

‘ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్’ అన్నది ఇ.ఎస్.ఐ. పూర్తి రూపం. ఇక్కడ ‘స్టేట్’ అంటే రాష్ట్రం కాదు, రాజ్యం. అందుకే తెలుగులో దీనిని ‘రాజ్య బీమా’ అన్నారు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో పథకం మొదలైంది. 2017 జనవరి 1 నుండి నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారిని దీని పరిధిలోకి తెచ్చారు. 2019 జూలై 1 నుండి వేతనంలో ఉద్యోగి వాటా 0.75 శాతంగా, యజమాని వాటా 3.25 శాతంగా నిర్ణయించారు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి రావడంతో ఈ నిబంధనలు ఆ స్మృతిలో భాగమయ్యాయి.

1948 చట్టం ‘కర్మాగారం’ అనే పదాన్ని నిర్వచిస్తూ గనులను మినహాయించింది. అందువల్లనే ఒకే వీధిలో పక్కపక్క ఇండ్లలో ఉన్నా గని కార్మికునికి సంస్థ ఆసుపత్రి, ప్రైవేటు సంస్థలో పనిచేసేవానికి ఇ.ఎస్.ఐ. అనే భేదం ఏర్పడింది. కాంట్రాక్టు కార్మికుడు ముందుగా తన యజమాని ఎవరో, తన వేతనం నుండి ఏ పథకానికి సొమ్ము కోతపడుతున్నదో వేతన చీటీలో చూసుకోవాలి.

ఒకే సంక్షిప్త నామానికి రెండు అర్థాలుండటం కూడా కద్దు. ఆసుపత్రిలో ‘ఐ.పి.’ అంటే ఇన్ పేషెంట్, అనగా చేరి చికిత్స పొందే రోగి. ఇ.ఎస్.ఐ. పత్రాలలో ‘ఐ.పి.’ అంటే ఇన్సూర్డ్ పర్సన్, అనగా బీమా పొందిన వ్యక్తి. నానార్థాలను సందర్భాన్ని బట్టి నిర్ణయించుకొన్నట్లే వీటినీ నిర్ణయించుకోవాలి.

ఆరోగ్యశ్రీ, పి.ఎం. - జె.ఎ.వై., ఆభా

‘ఆరోగ్యశ్రీ’ సంక్షిప్త నామం కాదు, చక్కని సమాసం. ఆరోగ్యమనే సంపద అని అర్థం. ఈ పథకం 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమై, 2008లో నాటి ఆంధ్రప్రదేశ్ అంతటికీ విస్తరించింది. తెలంగాణలో కుటుంబానికి ఏటా లభించే వైద్య పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచారు.

‘పి.ఎం. - జె.ఎ.వై.’ అంటే ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన. ‘ఆయుష్మాన్ భారత్’లో భాగమైన ఈ పథకం 2018 సెప్టెంబరు 23న మొదలైంది. అర్హత గల కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం దీని లక్ష్యం. తెలంగాణ 2021లో ఇందులో చేరింది. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం 70 ఏండ్లు, ఆపైబడిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని విస్తరించింది.

అన్నింటికన్నా ఎక్కువ పొరపాటుకు తావిచ్చే మాట ‘ఆభా’. సంస్కృతంలో ‘ఆభ’ అంటే కాంతి. ఇక్కడ మాత్రం ‘ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్’ అనే పేరులోని తొలి అక్షరాల కూర్పు. ఇది 14 అంకెల గుర్తింపు సంఖ్య. రోగి వైద్య వివరాలను ఒకచోట కలపడం దీని పని. ఇది బీమా కాదు, బిల్లు చెల్లించదు. ‘ఆయుష్మాన్’ అనే మాట రెండింటిలోనూ ఉన్నందున ఆభా కార్డు ఉంటే చాలుననుకొని, అర్హత ఉండి కూడా బీమా కార్డు తీసుకోనివారు ఆపద వేళ చిక్కులో పడతారు.

కౌంటరు దగ్గర

‘టి.పి.ఎ.’ అంటే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్. బీమా సంస్థకు, ఆసుపత్రికి నడుమ నిలిచి కాగితాలు పరిశీలించే మధ్యవర్తి సంస్థ. ‘ప్రీ ఆథ్’ అంటే చికిత్సకు ముందు పొందవలసిన అనుమతి. ‘రెఫరల్’ అంటే ఒక ఆసుపత్రి వైద్యుడు పెద్ద ఆసుపత్రికి పంపుతూ ఇచ్చే పత్రం. ఆరోగ్యశ్రీ ఆసుపత్రులలో ఈ వివరాలు చెప్పడానికి ఆరోగ్యమిత్రలు ఉంటారు. 104 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు.

ఏ కార్డు చేతికి వచ్చినా అయిదు ప్రశ్నలు వేసుకోవాలి. సొమ్ము ఎవరు చెల్లిస్తారు? ఎవరెవరికి వర్తిస్తుంది? ఎంతవరకు, ఏడాదికా, జీవితకాలానికా? ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది? ముందుగా ఎవరి అనుమతి కావాలి? ఇవి తెలిస్తే కార్డు అర్థమైనట్లే.

భూగర్భంలో మూడు షిఫ్టులలో చెమటోడ్చిన తండ్రులు పిల్లలను కళాశాలకు పంపడంలో ఒక ఆశ ఉంది: తమకు చదవరాని కాగితాన్ని వారు చదవగలరని. పద్యానికి ప్రతిపదార్థం చెప్పగల విద్యార్థి ఇంట్లోని కార్డుకు కూడా ప్రతిపదార్థం చెప్పగలగాలి. చదువు ఇంటికి ఉపయోగపడటమంటే ఇదే.

కఠిన పదాలు - అర్థాలు

సంక్షేపం : కుదించి చెప్పడం
ప్రత్యాహారం : వర్ణ సముదాయాన్ని సూచించే సంక్షిప్త సంజ్ఞ
అనంతరం : తరువాత
భవిష్యనిధి : ముందుకాలపు అవసరాలకై కూడబెట్టిన సొమ్ము
స్మృతి : ఇక్కడ, చట్టాల సంపుటి
కద్దు : ఉన్నది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. ‘సంక్షేపం తెలిసినవారికి సౌకర్యం, తెలియనివారికి అడ్డుగోడ’ - పాఠం ఆధారంగా వివరించండి.

ఆ) సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. సి.పి.ఆర్.ఎం.ఎస్. - ఎన్.ఇ. అనే పేరు ద్వారా తెలిసే నియమాలేవి?
2. ఆభా కార్డుకు, బీమా కార్డుకు గల భేదమేమి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఇ.ఎస్.ఐ.లో ‘స్టేట్’ అనే మాటకు అర్థమేమి?
2. ‘ఐ.పి.’ అనే సంక్షిప్త నామానికి గల రెండు అర్థాలేవి?

ఈ) భాషాకృత్యం
మీ ఇంట్లో ఉన్న ఆరోగ్య కార్డుల మీది పొడి అక్షరాలను విప్పి రాసి, పాఠంలోని అయిదు ప్రశ్నలకు సమాధానాలు సేకరించి ఇంటివారికి చదివి వినిపించండి.