కరెంటు పోయిన రాత్రి హైబ్రిడ్ కారుతో ఇంటికి వెలుగు



2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్దను, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస ప్రాంతమునను తీరము దాటినవి. స్తంభములు కూలి, తీగలు తెగి, అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో ఉండిపోయినవి. అట్టి సమయమున వాకిట నిలిచియున్న కారు ఇంటికి కొంత కరెంటు ఇయ్యగలదా? ఇయ్యగలదు. అయితే ఎంత ఇచ్చును, ఏ విధముగా తీసికొనవలెను అను రెండు సంగతులు ముందుగా తెలిసికొనవలెను. రెండవది తెలియనియెడల ప్రాణములే పోవును.

హైబ్రిడ్ కారు పనిచేయు విధము

హైబ్రిడ్ కారునందు పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు, దానికి వేరొక బ్యాటరీ ఉండును. బ్యాటరీ తగ్గినపుడు ఇంజను తానే నడచి దానిని నింపి, మరల ఆగును. చిన్న జనరేటరు ఒక్క బల్బు కొరకైనను ఎడతెగక నడువవలెను. హైబ్రిడ్ కారున కట్టి అవసరము లేదు.

2011 మార్చి 11న జపానులో భూకంపము, సునామీ వచ్చిన పిమ్మట టయోటా ఎస్టిమా హైబ్రిడ్ కార్లలోని 100 వోల్టుల, 1,500 వాట్ల ప్లగ్గులు కరెంటు లేని చోట్ల ఎంతో ఉపకరించినవి. మన ఇండ్లలోని సామానులకు 230 వోల్టులు కావలెను. మన దేశమున అమ్ము హైబ్రిడ్ కార్లన్నింటికి ఇట్టి ప్లగ్గు ఉండదు. కొన్ని పూర్తి విద్యుత్ కార్లకు మాత్రము బయటి సామానులకు కరెంటు ఇచ్చు ఏర్పాటు కలదు. కావున కొనునపుడే అడిగి తెలిసికొని, ఎన్ని వాట్ల వరకు ఇచ్చునో కారుతో వచ్చిన పుస్తకములో చూచుకొనుడు.

చెరువు నీరు, తూము వెడల్పు

చెరువు నిండుగా నున్నను తూము పట్టునంత నీరే పారును. యూనిట్లు చెరువులోని నీరు వంటివి. వాట్లు తూము వెడల్పు వంటివి. రెండును లెక్క చూడవలెను.

9 వాట్ల బల్బులు నాలుగింటికి 36 వాట్లు, 75 వాట్ల ఫ్యానులు రెండింటికి 150 వాట్లు, ఫోను ఛార్జర్లు మూడింటికి సుమారు 30 వాట్లు, మొత్తము 216 వాట్లు. రాత్రి 10 గంటలు వాడినచో 2 యూనిట్లకు కొంచెము పైన అగును. ఫ్రిజ్‌కు రోజుకు సుమారు 1 యూనిట్ కలుపుకొనిన, 3 యూనిట్లు దాటును.

హైబ్రిడ్ కారు బ్యాటరీలో సాధారణముగా 1 యూనిట్ అటుయిటుగా మాత్రమే పట్టును. కావున అసలు నిల్వ పెట్రోలు ట్యాంకే. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉన్నను, అందులో నాల్గవ వంతు, అనగా 2 యూనిట్లు మాత్రమే కరెంటుగా చేతికి వచ్చునని లెక్క వేసికొనుడు. పై వాడకమునకు రోజుకు లీటరున్నర నుండి రెండు లీటర్లు ఉంచుకొనవలెను. 30 యూనిట్ల బ్యాటరీ గల విద్యుత్ కారులో సగము ప్రయాణమునకు అట్టిపెట్టినను, మిగిలిన 15 యూనిట్లు ఇంచుమించు 5 రోజులు వచ్చును.

పంపుసెట్టుపై ఆశ పెట్టుకొనవద్దు. 5 హార్స్‌పవర్ మోటారుకు 3,730 వాట్లును, నష్టముల కొరకు మరికొంతయు కావలెను. కదలునపుడు దానికి ఎన్నో రెట్లు లాగును. మూడు ఫేజులు కూడ కావలెను. మామూలు కారు, ట్రాక్టరులలోని 12 వోల్టుల బ్యాటరీ ఇంజనును కదలించుటకే చేయబడినది. ఫోనుకు, ఒకటి రెండు బల్బులకు మించి దానిని వాడినచో మరునాడు బండి కదలదు.

ప్రాణాపాయము కలిగించు తప్పులు

1. కారు కరెంటును ఇంటి గోడ ప్లగ్గులోనికి ఎన్నడును ఎక్కించవద్దు. ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనుకు, అచ్చటినుండి ట్రాన్స్‌ఫార్మరుకు పోవును. 11,000 వోల్టులను తగ్గించి మనకిచ్చు ట్రాన్స్‌ఫార్మరే, ఇటునుండి పోయిన కరెంటును వేల వోల్టులుగా పెంచి అటు పంపును. లైను చచ్చియున్నదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలియగును. మన ఊరికి వెలుగు తెచ్చుటకు వచ్చినవాని ప్రాణము మన చేతిమీదుగా పోరాదు. పొడవైన ఎక్స్‌టెన్షన్ బోర్డు వేసి సామానులను నేరుగా దానికే కలుపుడు. ఇంటి వైరింగుకే కావలెననిన, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే ముందుగా చేంజోవర్ స్విచ్ పెట్టించుకొనుడు.

2. కారును కొట్టములోగాని, మూసిన షెడ్డులోగాని, కిటికీ క్రిందగాని ఉంచవద్దు. ఇంజను ఆగియున్నదని నమ్మరాదు. అందరును నిద్రించుచుండగా అది తానే నడచును. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు.

3. నారింజ రంగు తొడుగు గల తీగలను తాకవద్దు. వానిలో ప్రాణము తీయు వోల్టేజి ఉండును.

4. ప్లగ్గులు, బోర్డులు వానకు తడియకుండ ఎత్తున ఉంచుడు.

తుఫాను హెచ్చరిక వినగానే

పెట్రోలు నింపించుడు, విద్యుత్ కారైనచో నిండుగా ఛార్జి చేయుడు. కరెంటు ఉండగానే ఇంటి ట్యాంకు, పశువుల తొట్లు నీటితో నింపుడు. ఇన్సులిను, పశువుల టీకా మందులు ఉన్న ఫ్రిజ్‌కు మొదటి స్థానమిచ్చి, దాని తలుపు పదేపదే తెరువవద్దు. వానలకు ముందే ఒక సాయంత్రము బోర్డు వేసి, సామానులు కలిపి, పుస్తకములో చెప్పిన వాట్లకు లోబడియున్నవో లేవో సరిచూచుకొనుడు. చీకటిలో, గాలివానలో నేర్చుకొనదగిన పని కాదిది.