హెపటైటిస్ విభాగంలో చేరుతున్న శ్రావణికి

చి. శ్రావణికి,



నిన్ను జిల్లా ఆసుపత్రి హెపటైటిస్ విభాగంలో వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అంటుకునే జబ్బు కదా అక్కా, వేరే వార్డు అడగమను" అని కూడా అంది. తల్లి మనసు, తప్పు పట్టను. అయితే నీ దగ్గరికొచ్చే ప్రతి మనిషి ఇంట్లోనూ ఇదే భయం ఉంటుంది. 2018లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి పరీక్షలు, మందులు సర్కారే ఉచితంగా ఇస్తోంది. ఆ భయాన్ని దించే పని మాత్రం నీలాంటి వాళ్లే చెయ్యాలి.

ముందు, ఏ వైరసో విడమరిచి చెప్పడం అలవాటు చేసుకో. మన ఊళ్లలో అన్నీ పచ్చకామెర్లే. ఎ, ఇ రకాలు కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు మందుకు అంత పేరు రావడానికి కారణం అదే. అలాగని రోగిని గద్దించకు. గద్దిస్తే దాచేస్తాడు. కొన్ని ఆకుమందులు కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి కాబట్టి మనకు నిజం తెలియాలి. "ఇక్కడికి వచ్చేముందు ఏమేం వాడారు?" అని మామూలుగా అడుగు. చప్పిడి పథ్యంతో నీరసించిపోయిన వాళ్లు వస్తారు. తినగలిగినంత ఇంటి భోజనం పెట్టమను. గర్భిణి కళ్లు పచ్చబడితే మాత్రం ఒక్క పూట కూడా ఆగనివ్వకు. ఆఖరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు కోల్పోయే ప్రమాదం ఉంది.

బి, సి సంగతి వేరు. అవి రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడడం వల్ల, లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. రక్తదానం చేసినప్పుడో, ఆపరేషన్‌కు ముందో, గల్ఫ్‌కు వెళ్లేముందు చేసే మెడికల్ పరీక్షలోనో బయటపడతాయి. మన జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి "అన్‌ఫిట్" కాగితం పట్టుకుని పిల్లలొస్తారు చూడు, వాళ్లను ఓపికగా కూర్చోబెట్టు. ఏజెంటుకు కట్టిన అప్పు నెత్తిన ఉంటుంది. వాళ్ల కంటికి జబ్బుకన్నా పోయిన వీసాయే పెద్దది. ముందు ఆ మాట చెప్పుకోనివ్వు. వీసా వస్తుందని మాత్రం ఆశపెట్టకు.

తర్వాత నిదానంగా చెప్పు. బి పాజిటివ్ వచ్చినంత మాత్రాన కాలేయం పాడైపోయినట్టు కాదు. ఇంకొన్ని పరీక్షలు చేస్తే మందు కావాలో, మధ్యమధ్య చూపించుకుంటే చాలో డాక్టరు తేలుస్తారు. మందు మొదలుపెడితే, ఒంట్లో బాగుందని సొంతంగా ఆపకూడదని గట్టిగా చెప్పు. ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించవచ్చు. సి అయితే ధైర్యంగా చెప్పు, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. ఎక్కువమందికి 12 వారాల మాత్రలు సరిపోతాయి. మొదట చేసే యాంటీబాడీ పరీక్ష నయమయ్యాక కూడా పాజిటివ్‌గానే చూపిస్తుందని ముందే చెప్పి ఉంచు. లేకపోతే ఎప్పుడో ఎక్కడో ఆ పరీక్ష చేయించుకుని, జబ్బు తిరగబెట్టిందని కుంగిపోతారు. వైరస్ ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఆ రిపోర్టు భద్రంగా దాచుకోమను.

అన్నిటికన్నా నువ్వు ఎక్కువ మెలకువగా ఉండాల్సింది గర్భిణుల దగ్గర. తొలి చెకప్‌లో బి అని తేలిన కోడలి మీద అత్తింటివాళ్లు ఎన్ని మాటలంటారో నేను చూశాను. పళ్లెం, గ్లాసు వేరు పెడతారు. నడవడిక మీదకు పోతారు. అందుకే ముందు ఆమెకు ఒంటరిగా చెప్పు. మన దేశంలో చాలామందికి ఇది పుట్టినప్పుడో చిన్నతనంలోనో సోకినదే, ఆ కాగితం ఎవరి శీలాన్నీ చెప్పదు. ఆమె సరేనంటేనే భర్తను పిలువు. కలిసి తింటే, ముట్టుకుంటే, బిడ్డను ఎత్తుకుంటే రాదని, షేవింగ్ బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం పంచుకోవద్దని చెప్పు. ఇంట్లోవాళ్లకు పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించు. "ఈ టీకాను మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు తయారుచేసి 1997లో చవకగా తెచ్చారు" అని చెబితే ఊరివాళ్లకు నమ్మకం కుదురుతుంది.

పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు టీకా పడాలి. తల్లికి బి ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా 12 గంటల్లోపు ఇస్తే మంచిది. కాన్పులో సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకని కాన్పు తేదీ నీ పుస్తకంలో రాసుకుని, కాన్పుల వార్డు సిస్టర్‌కు ముందే చెప్పి పెట్టు. టీకా పడితే తల్లి నిశ్చింతగా పాలివ్వొచ్చు.

వరుసలో నిలబడ్డవాళ్లను జబ్బు పేరుతో పిలవొద్దు. ఫైలు అట్టమీద ఎర్ర సిరాతో రాయొద్దు. ఫోన్ నంబర్ తీసుకునేటప్పుడు ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో అడుగు. మాత్రలకు రావాల్సిన రోజున రాకపోతే ఫోన్ చెయ్యి, కానీ ఎత్తింది వాళ్లేనని తేలేదాకా విషయం చెప్పకు. కాలేయం చెడిందనగానే తాగుబోతు అనే చూపు చూడకు. తాగే అలవాటు ఉంటే మానడం ఎందుకు అవసరమో వివరించు.

ఇక నీ సంగతి. బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా? అయ్యాక టైటర్ చూపించుకున్నావా? 10కి తగ్గకూడదు. వాడిన సూదికి మూత పెట్టకు. గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి వెంటనే రిపోర్టు చెయ్యి. సిగ్గుపడి దాస్తే గంటలు గడిచిపోతాయి. అందరి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూస్తే ఏ రోగినీ వేరుపెట్టాల్సిన పని ఉండదు.

ఎవరైనా నీకు తెలియనిది అడిగితే ధైర్యం కోసం ఏదో ఒకటి చెప్పేయకు. "డాక్టరుగారిని కనుక్కుని చెబుతాను" అను. మర్చిపోకుండా కనుక్కుని, వాళ్లు మళ్లీ అడగకముందే చెప్పు. అలా ఒక్కసారి చేస్తే ఆ మనిషి మందు మానడు, నిన్ను వదలడు.

ఇట్లు,
నీ పెద్దమ్మ